స్టీరియో పోలేదు, బల్బే పోయింది: ఆండ్రాయిడ్ స్క్రీన్ కొనే ముందు ఐదు రూపాయల ఎల్‌ఈడీ గురించి ఆలోచించండి

మీ ఇంట్లో పదేళ్లు దాటిన కారు ఉందా? అయితే ఈ సీన్ మీకు తెలిసే ఉంటుంది. స్టీరియో పాటలు పాడుతుంది, ఎఫ్ఎం పట్టుకుంటుంది, బటన్లన్నీ పనిచేస్తాయి. కానీ చీకటి పడితే చాలు, డిస్‌ప్లే మీద ఒక్క అక్షరం కనబడదు. ఏ స్టేషన్ వస్తోందో, వాల్యూమ్ ఎంత ఉందో తెలియదు. కార్ డెకార్స్ షాపుకి తీసుకెళ్తే వినిపించే మాట ఒకటే: "ఇది పాతదైపోయింది సార్, ఆండ్రాయిడ్ స్క్రీన్ వేయించేసుకోండి."

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. చాలాసార్లు పోయింది స్టీరియో కాదు, దాని లోపల బియ్యపు గింజంత ఉండే ఒక బల్బు. దాని స్థానంలో ఎల్‌ఈడీ పెట్టుకుంటే ఆ స్టీరియో ఇంకో పదేళ్లు లాగుతుంది. అయితే ఏ ఎల్‌ఈడీ పడితే అది, ఏ రంగు పడితే ఆ రంగు పెట్టకూడదు. ఈ రెండో విషయం మీద కూడా నాకు గట్టి అభిప్రాయం ఉంది, అక్కడికీ వస్తాను.

అసలు లోపల ఏముంది?

ఫోన్ రివ్యూలు చదివే మనకి ఎల్‌సీడీకీ అమోలెడ్‌కీ తేడా బాగానే తెలుసు. ఎల్‌సీడీ సొంతంగా వెలగదు, వెనక బ్యాక్‌లైట్ కావాలి. పాత కార్ స్టీరియోల్లో ఎక్కువ భాగం ఈ రకమే. గ్లాస్ వెనక ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాని అంచున రెండో మూడో చిన్న ఫిలమెంట్ బల్బులుంటాయి. బల్బు వెలుగుని ఆ పలక స్క్రీన్ అంతటా పరుస్తుంది. కొన్ని మోడల్స్‌లో బల్బుకి ఆకుపచ్చ, నీలం లేదా నారింజ రంగు రబ్బరు టోపీ తొడిగి ఉంటుంది. మీకు కనిపించే రంగు ఆ టోపీదే, బల్బుది కాదు.

ఈ బల్బులు ఎందుకు పోతాయి? ఫిలమెంట్ కాబట్టి. కారు గుంతల్లో కుదుపులకి గురవుతుంది, ఇంజిన్ ఆన్‌లో ఉంటే సప్లై 12 వోల్టులు కాదు, 13.8 నుంచి 14.4 దాకా ఉంటుంది. ఫిలమెంట్ బల్బు విషయంలో ఒక మొరటు లెక్క ఉంది: రేటింగ్ కన్నా వోల్టేజీ 5 శాతం పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే సరిగ్గా రేటింగ్ చూడకుండా 12 వోల్టుల బల్బు తెచ్చి అతికిస్తే అది మళ్లీ త్వరగా పోతుంది. అసలు బల్బు మారిస్తే సరిపోదా, ఎల్‌ఈడీ ఎందుకు అని అడిగేవాళ్లకి నా మొదటి జవాబు ఇదే. రెండో జవాబు వేడి. 60 మిల్లీయాంపుల బల్బు ఒకటి దగ్గర దగ్గర 0.7 వాట్లు తింటుంది, అందులో దాదాపు అంతా వేడే. ఏళ్ల తరబడి ఆ వేడికి పక్కనున్న ప్లాస్టిక్ పసుపెక్కి, రబ్బరు టోపీ గట్టిపడి పగులుతుంది. విప్పి చూస్తే మీకే కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. అన్ని స్టీరియోలూ ఎల్‌సీడీ కాదు. నీలి ఆకుపచ్చ రంగులో అక్షరాలే స్వయంగా వెలిగే రకం ఒకటుంది, దాన్ని వీఎఫ్‌డీ అంటారు. దానికి బ్యాక్‌లైటే ఉండదు. అది మసకబారితే మీరు ఎన్ని ఎల్‌ఈడీలు పెట్టినా ఉపయోగం లేదు. గుర్తు పట్టడం తేలిక. పగలు టార్చ్ వేసి చూడండి. టార్చ్ వెలుగులో అక్షరాలు నల్లగానో మసకగానో కనిపిస్తే ఎల్‌సీడీ బతికే ఉంది, వెనక లైటే పోయింది. అప్పుడు ఈ ఆర్టికల్ మీ కోసమే.

"ఇప్పుడు కూడా బటన్ల స్టీరియోనా?" అనేవాళ్లకి

ఆండ్రాయిడ్ స్క్రీన్లకి నేను వ్యతిరేకిని కాదు. రివర్స్ కెమెరా కావాలి, మ్యాప్ పెద్దగా కనబడాలి అనుకుంటే అది న్యాయమైన కారణమే. మంచి యూనిట్ కొని, మంచి చేత్తో ఫిట్ చేయిస్తే బావుంటుంది కూడా. నా గొడవంతా బల్బు పోయిందన్న వంకతో అమ్మే చవక స్క్రీన్ల గురించే.

మనం ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఏంటి, ఎన్ని ఓఎస్ అప్‌డేట్లు ఇస్తారు, సెక్యూరిటీ ప్యాచ్ ఎప్పటిది అని పది సైట్లు తిరుగుతాం. అదే మనిషి కార్ డెకార్స్ షాపులో "2 జీబీ ర్యామ్, 32 జీబీ మెమరీ, లేటెస్ట్ ఆండ్రాయిడ్" అని అట్ట మీద రాసుంటే నమ్మేసి డబ్బులిచ్చేస్తాడు. చవక యూనిట్లలో సెట్టింగ్స్ పేజీలో కనిపించే ఆండ్రాయిడ్ వెర్షన్ ఒకటి, లోపల నిజంగా ఉన్నది ఇంకొకటి అవ్వడం తెలిసిన సంగతే. యాప్ ఇన్‌స్టాల్ చేసి ఏపీఐ లెవెల్ చూస్తే అసలు రంగు బయటపడుతుంది. అప్‌డేట్ అన్న మాటే ఉండదు. రెండేళ్లకి మ్యాప్స్ నత్తనడక నడుస్తుంది. అప్పుడు మళ్లీ కొత్త స్క్రీన్. పదిహేనేళ్లు పాడిన స్టీరియోని తీసి, మూడేళ్లు కూడా నిలబడుతుందో లేదో తెలియని దాన్ని పెట్టడాన్ని అప్‌గ్రేడ్ అని నేను అనలేను.

ఇంకొకటి. బటన్‌ని వేలితో తడిమి నొక్కొచ్చు, కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. టచ్ స్క్రీన్‌ని చూడకుండా నొక్కలేం. ఇది పాతకాలపు మనుషుల చాదస్తం కాదు. కార్ల భద్రతకి స్టార్ రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్, హజార్డ్ లైట్, వైపర్, హారన్ లాంటి ముఖ్యమైన పనులకి విడిగా బటన్లో లివర్లో ఉంటేనే పూర్తి మార్కులు ఇచ్చేలా నిబంధన పెట్టింది. లక్షలు పోసే కొత్త కార్లే బటన్ల వైపు చూస్తుంటే, మన దగ్గరున్న బటన్లని మనమే పీకి పారేయడం దేనికి?

పాటలు ఫోన్ నుంచి రావాలంటే ఆక్స్ పోర్టుకి పెట్టుకునే బ్లూటూత్ రిసీవర్ కొన్ని వందల్లో వస్తుంది. మ్యాప్స్‌కి ఫోన్ హోల్డర్ చాలు, మీ ఫోన్ ప్రాసెసర్ ఏ చవక స్క్రీన్ కన్నా ఎన్నో రెట్లు మేలు.

రెసిస్టర్ లెక్క: ఇంటర్ ఫిజిక్స్ చాలు

బల్బు తీసేసి అక్కడ నేరుగా ఎల్‌ఈడీ పెడితే అది క్షణంలో మాడిపోతుంది. బల్బుకి 12 వోల్టులు కావాలి, తెల్ల ఎల్‌ఈడీకి దాదాపు 3.2 వోల్టులు చాలు. మిగతాది ఒక రెసిస్టర్ మోయాలి.

సప్లై అత్యధికంగా 14.4 అనుకుందాం. 14.4 లోంచి 3.2 తీసేస్తే 11.2 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి. దాన్ని మనకి కావలసిన కరెంట్‌తో భాగిస్తే ఎన్ని ఓమ్‌లో వస్తుంది. యూట్యూబ్ వీడియోల్లో చాలామంది 470 ఓమ్‌లు పెట్టమంటారు. వేసి చూడండి: 11.2ని 470తో భాగిస్తే దాదాపు 24 మిల్లీయాంపులు. మామూలు 5 ఎంఎం ఎల్‌ఈడీకి గరిష్ఠ పరిమితి సాధారణంగా 20. పైగా రెసిస్టర్‌లో 0.27 వాట్లు వేడిగా మారతాయి, మనం వాడే పావు వాట్ రెసిస్టర్ అంత మోయలేదు. అంటే ఎల్‌ఈడీ, రెసిస్టర్ రెండూ హద్దు దాటి పనిచేస్తున్నట్టు. వీడియో తీసిన రోజు వెలుగుతుంది, తర్వాత ఏమైందో వీడియోలో ఉండదు.

నేను 2.2 కిలో ఓమ్‌లతో మొదలుపెట్టమంటాను. కరెంట్ 5 మిల్లీయాంపులు, రెసిస్టర్‌లో వేడి 0.06 వాట్లకి లోపే. "5 మిల్లీయాంపులకి ఏం వెలుగుతుంది?" అనుకోకండి. ఇప్పటి ఎల్‌ఈడీలు ఆ మాత్రానికే చీకట్లో కళ్లు చెదిరేలా వెలుగుతాయి. మరీ తక్కువ అనిపిస్తే 1.2 కిలో ఓమ్‌లకి రండి, 9 మిల్లీయాంపుల కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఎక్కువతో మొదలుపెట్టి తగ్గించడం కన్నా తక్కువతో మొదలుపెట్టి పెంచడమే మేలు.

లెక్క వేసే ముందు మల్టీమీటర్‌తో బల్బు కాళ్ల దగ్గర ఎన్ని వోల్టులు వస్తున్నాయో కొలవండి. కొన్ని స్టీరియోలు బల్బుకి పూర్తి 12 వోల్టులు ఇవ్వవు, లోపలే 8 లేదా 9కి తగ్గించి ఇస్తాయి. 8 వోల్టులే వస్తే 1 కిలో ఓమ్ పెడితే మళ్లీ అదే 5 మిల్లీయాంపులు. కొలవకుండా లెక్క వేయడం అంటే చార్జర్ వాటేజ్ చూడకుండా చార్జింగ్ స్పీడ్ గురించి రివ్యూ రాయడమే.

ప్లస్, మైనస్ కూడా చూసుకోవాలి. బల్బుకి ఎటు పెట్టినా ఒకటే, ఎల్‌ఈడీకి కాదు. పొడుగు కాలు ప్లస్. ఎల్‌ఈడీలు తిరగేసి వచ్చే వోల్టేజీని సాధారణంగా 5 వోల్టులకి మించి తట్టుకోలేవు.

వెలుగు ఒకచోటే పోగైతే?

ఎల్‌ఈడీ పెట్టాక చాలామందికి వచ్చే నిరాశ ఇది. స్క్రీన్ మధ్యలో ఒక చుక్క టార్చ్‌లా మెరుస్తుంది, అంచులు చీకటి. ఎల్‌ఈడీ చెడ్డదని తిట్టుకుంటారు. కారణం కోణం. బల్బు అన్ని వైపులకీ వెలుగు చిమ్ముతుంది. గుండ్రటి తల ఉన్న మామూలు 5 ఎంఎం ఎల్‌ఈడీ 15 నుంచి 30 డిగ్రీల ఇరుకు కోణంలో మాత్రమే చిమ్ముతుంది. లోపలి ప్లాస్టిక్ పలకని బల్బు కోసం డిజైన్ చేశారు, టార్చ్ కోసం కాదు.

మూడు దార్లున్నాయి. ఒకటి, తల చదునుగా లేదా టోపీ ఆకారంలో ఉండే వెడల్పు కోణం ఎల్‌ఈడీలు కొనడం. ఇవి 120 డిగ్రీల దాకా పరుస్తాయి. రెండు, ఉన్న ఎల్‌ఈడీ తలని సన్న ఉప్పుకాగితంతో రుద్ది మసకగా చేయడం. ఖర్చు సున్నా, ఫలితం బాగానే ఉంటుంది. మూడు, పాత రబ్బరు టోపీ పాడవకపోతే దాన్నే ఎల్‌ఈడీకి తొడగడం. అప్పుడు వెలుగు పరుచుకుంటుంది, కంపెనీ ఇచ్చిన రంగూ నిలుస్తుంది.

రంగు దగ్గరే నా అసలు గొడవ

ఇప్పుడు కాస్త గట్టిగా మాట్లాడాలి. ఎల్‌ఈడీ మార్చినవాళ్లలో ఎక్కువమంది పెట్టేది నీలం. చల్లటి తెలుపు రెండోది. ఫొటోలో అదిరిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ డ్యాష్‌బోర్డ్ ఫొటో కోసం కాదు, రాత్రి పూట నడపడం కోసం.

మన కళ్లు చీకటికి అలవాటు పడటానికి పూర్తిగా అయితే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ చీకటి చూపుని ఇచ్చే కణాలు నీలి ఆకుపచ్చ వెలుగుకి, అంటే 500 నానోమీటర్ల చుట్టుపక్కల వెలుగుకి, ఎక్కువగా స్పందిస్తాయి. ఎరుపుకి దాదాపు స్పందించవు. అంటే కంటికి దగ్గర్లో నీలం వెలుగు పెట్టుకోవడం అంటే రోడ్డు చివర చీకట్లో ఉన్న గేదెనో, రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్ ట్రాలీనో చూసే శక్తిని మనమే తగ్గించుకోవడం. ఇంకో సంగతి, నీలం వెలుగు మన కంట్లో మిగతా రంగులు కూడిన చోట కూడదు, కాస్త ముందే కూడుతుంది. అందుకే రాత్రి నీలం అక్షరాలు అలికినట్టు కనిపిస్తాయి. నీలం నియాన్ బోర్డుని దూరం నుంచి చదవడానికి ప్రయత్నించండి, తెలుస్తుంది.

కార్ల కంపెనీలకి ఇది తెలియక కాదు. బీఎండబ్ల్యూ దశాబ్దాల పాటు డ్యాష్‌బోర్డ్‌లో నారింజ వెలుగునే వాడింది. ఫోక్స్‌వ్యాగన్ ఒకప్పుడు నీలం వాడి, తర్వాత తెలుపుకి మారింది.

మా నాన్నకి యాభై ఎనిమిదేళ్లు. వారంలో రెండు మూడు రాత్రులు హైదరాబాద్, సూర్యాపేట మధ్య హైవే మీద నడుపుతారు. వయసు పెరిగే కొద్దీ కంటి లెన్స్ పసుపెక్కుతుంది, లోపల వెలుగు ఎక్కువగా చెదురుతుంది. మనకి స్టైల్‌గా అనిపించే వెలుగు వాళ్లకి కళ్లలో కారం కొట్టినట్టు ఉంటుంది. ఆయన 2008 మోడల్ కారు స్టీరియోకి వెచ్చటి తెలుపు ఎల్‌ఈడీలు రెండు, 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో పెట్టాను. పాత ఆకుపచ్చ టోపీలే మళ్లీ తొడిగాను. మొదటి రాత్రి నడిపి వచ్చాక ఆయన అన్నది ఇంతే: "బాగుందిరా, ఉన్నట్టే ఉంది." ఈ పనికి అంతకంటే మంచి రివ్యూ ఉండదని నా ఉద్దేశం. మార్చినట్టు తెలియకూడదు, చదవగలగాలి, అంతే.

అదే మా రూమ్మేట్ కార్లో స్టీరియో, ఏసీ ప్యానెల్, మీటర్ అన్నీ నీలం. పార్కింగ్‌లో చూస్తే నైట్‌క్లబ్. వాన రాత్రి అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆ వెలుగంతా ముందు అద్దంలో ప్రతిబింబిస్తుంది. వాడు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చున్న నేనే రోడ్డు వెతుక్కోవాల్సి వచ్చింది.

అందుకే నా సలహా: కంపెనీ ఇచ్చిన రంగుకే దగ్గరగా ఉండండి. టోపీ గానీ రంగు ఫిల్మ్ గానీ ఉంటే వెచ్చటి తెలుపు ఎంచుకోండి, ఎందుకంటే ఆ ఫిల్టర్‌ని ఫిలమెంట్ బల్బు పసుపు వెలుగుని దృష్టిలో పెట్టుకుని చేశారు. చల్లటి తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలం ఎల్‌ఈడీనే, దాని మీద పసుపు పూత ఉంటుంది. ఆకుపచ్చ ఫిల్టర్ వెనక పెడితే రంగు నీలం వైపు జారుతుంది. ఫిల్టర్ ఉండగా రంగు ఎల్‌ఈడీ అసలు వద్దు. ఆకుపచ్చ ఫిల్టర్ వెనక ఎర్ర ఎల్‌ఈడీ పెడితే మీకు కనిపించేది దాదాపు చీకటే.

డిమ్మింగ్: ఫోన్‌లో పట్టించుకుంటాం, కార్లో ఎందుకు మర్చిపోతాం?

కొత్త ఫోన్ వస్తే పీడబ్ల్యూఎం డిమ్మింగ్ ఎన్ని హెర్ట్జ్ అని వాదించుకుంటాం. డ్యాష్‌బోర్డ్‌లోనూ అదే కథ. కొన్ని కార్లలో వెలుగు తగ్గించే చక్రం వోల్టేజీనే తగ్గిస్తుంది. వోల్టేజీ సగానికి తగ్గితే ఫిలమెంట్ బల్బు వెలుగు పదో వంతు కన్నా తక్కువకి పడిపోతుంది. కానీ మన 2.2 కిలో ఓమ్‌ల ఎల్‌ఈడీకి 7.2 వోల్టులు ఇస్తే కరెంట్ 1.8 మిల్లీయాంపులు, అంటే ఇంకా 35 శాతం పైనే వెలుగుతుంది. అందుకే ఎల్‌ఈడీ పెట్టాక "డిమ్ చేసినా తగ్గట్లేదు" అంటారు. వోల్టేజీ 3 కన్నా కిందకి పోతే మాత్రం పూర్తిగా ఆరిపోతుంది. పరిష్కారం ముందే చెప్పాను: మొదటి నుంచే తక్కువ కరెంట్ పెట్టుకోండి.

కొన్ని స్టీరియోల్లో డిమ్మింగ్ పీడబ్ల్యూఎంతో జరుగుతుంది, అంటే వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ ఉంటుంది. ఫిలమెంట్ అంత త్వరగా చల్లారదు కాబట్టి బల్బుతో అది తెలియదు. ఎల్‌ఈడీ వెంటనే ఆరి వెలుగుతుంది. ఫ్రీక్వెన్సీ తక్కువైతే కంటి చివర మినుకుమినుకు అనిపించొచ్చు. ఫోన్ కెమెరా స్లో మోషన్‌లో పెట్టి చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

చేసే పద్ధతి, క్లుప్తంగా

ముందు బ్యాటరీ నెగెటివ్ తీయండి. దానికంటే ముందు ఒక పని: కొన్ని కంపెనీ ఫిట్టెడ్ స్టీరియోలు కరెంట్ పోయి వస్తే సెక్యూరిటీ కోడ్ అడుగుతాయి. ఆ కోడ్ కార్డు చేతిలో ఉందో లేదో చూసుకోండి.

ముందు ప్యానెల్ ఊడొచ్చే రకమైతే బల్బులు సాధారణంగా ఆ ప్యానెల్‌లోనే ఉంటాయి, స్టీరియో మొత్తం బయటికి లాగక్కర్లేదు. లేదంటే మోడల్‌కి తగ్గ తాళం రేకులతో లాగాలి. స్క్రూలన్నీ ఒక తెల్ల కాగితం మీద పెట్టి, ఏది ఎక్కడిదో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఎల్‌సీడీ గ్లాస్‌కీ బోర్డుకీ మధ్య చారల రబ్బరు పట్టీ ఉంటుంది. అవసరం లేకపోతే దాని జోలికి పోవద్దు. అది అర మిల్లీమీటర్ జరిగినా డిస్‌ప్లేలో సగం గీతలు మాయమవుతాయి.

పాత బల్బుని మల్టీమీటర్‌తో చెక్ చేయండి. బల్బు బాగానే ఉంటే లోపం దానికొచ్చే సప్లైలో ఉంది. నారింజ రంగు ఇల్యూమినేషన్ వైర్ గానీ, బోర్డు మీద ట్రాన్సిస్టర్ గానీ చూడాలి. బల్బు పోయిందని తేలితే దాన్ని సోల్డర్ తీసి, ఎల్‌ఈడీకి రెసిస్టర్ అతికించి, స్లీవ్ తొడిగి, అదే చోట సోల్డర్ చేయండి. 25 వాట్ల ఐరన్ చాలు. ఒక్కో ఎల్‌ఈడీకి ఒక్కో రెసిస్టర్ పెట్టండి. అన్నీ మూసేసే ముందు చీకటి గదిలో ఒకసారి వెలిగించి చూడండి.

సామాన్లు? హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. రెండు ఎల్‌ఈడీలు, రెండు రెసిస్టర్లు, కాస్త స్లీవ్ అన్నీ కలిపి ఒక టీ, సమోసా ఖర్చు కూడా దాటదు. సోల్డరింగ్ చేతకాకపోతే టీవీలు బాగుచేసే షాపు వాళ్లని అడగండి. వాళ్లకి ఇది అరగంట పని.

వారంటీలో ఉన్న కారు మాత్రం ముట్టుకోకండి.

ఇక్కడ మాత్రం మార్చొద్దు

స్టీరియో అయ్యాక చేయి ఊరుకోదు, మీటర్ వైపు పోతుంది. బ్యాక్‌లైట్ బల్బులు మార్చుకోవచ్చు. కానీ బ్యాటరీ గుర్తు ఉండే వార్నింగ్ బల్బుని మాత్రం వదిలేయండి. చాలా పాత కార్లలో ఆల్టర్నేటర్ మొదట కరెంట్ తయారు చేయడం మొదలుపెట్టాలంటే ఆ బల్బు గుండా వెళ్లే కొద్దిపాటి కరెంట్ కావాలి. ఎల్‌ఈడీ పెడితే అంత కరెంట్ వెళ్లదు, బ్యాటరీ చార్జ్ అవ్వకుండా ఉండిపోవచ్చు. ఇంకో మాట, "ఎల్‌ఈడీ పెడితే బ్యాటరీ ఆదా, మైలేజీ పెరుగుతుంది" అనేవాళ్లని నమ్మకండి. రెండు మూడు బల్బులు తినే రెండు వాట్లకి కార్లో లెక్కే లేదు. ఎల్‌ఈడీ వల్ల లాభం వేడి తగ్గడం, ఎక్కువ కాలం మన్నడం మాత్రమే.

ఇది స్టీరియో గురించి మాత్రమే కాదు

నేను ఈసీఈలో బీటెక్ చేసి, ఇప్పుడు కోడ్ రాసుకుని బతుకుతున్నాను. పైన చెప్పిన రెసిస్టర్ లెక్క మనలో లక్షల మందికి వచ్చు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అది. కానీ అదే లెక్క మన కార్లో కనిపిస్తే గుర్తుపట్టం. నీలం ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురాలకి 2014లో నోబెల్ వచ్చిందని జీకే బిట్‌లాగా చదువుకుంటాం. ఆ ఆవిష్కరణ రెండు రూపాయలకి మన చేతికొచ్చినప్పుడు మాత్రం "సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేద్దాం" అంటాం.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్స్ ఎలక్ట్రానిక్స్, ఇంట్లో వాడే పరికరాలు, వాహనాలు ఈ నాలుగు రంగాలు అందులో ఉన్నాయి. మంచిదే. కానీ హక్కు ఇచ్చాక దాన్ని వాడుకునే చేతులు కూడా ఉండాలి. బాగుచేయొచ్చు అన్న ఆలోచనే రాని తరానికి రిపేర్ హక్కు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఫోన్ బ్యాటరీ మార్చమని కంపెనీలని నిలదీసే మనం, విప్పడానికి నాలుగు స్క్రూలు చాలే వస్తువుని పారేయడం నాకు అర్థం కాదు.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఇది పోయింది, స్క్రీన్ వేయించుకోండి" అంటే ఒక్క ప్రశ్న అడగండి: "పోయింది స్టీరియోనా, బల్బా?" ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేని షాపులో స్క్రీన్ కూడా కొనకండి. బల్బే అయితే ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు కేటాయించండి. వెచ్చటి తెలుపు, వెడల్పు కోణం, 2.2 కిలో ఓమ్‌లు. ఆ తర్వాత కూడా ఆండ్రాయిడ్ స్క్రీన్ కావాలనిపిస్తే హాయిగా కొనుక్కోండి.